పసుపు కార్డు

పదకొండు దాటి రెండు నిమిషాలైంది, ఆవిడ ఇంకా రాలేదు. పన్నెండింటికి గానీ ఆసుపత్రి మందుల కిటికీ మూయరు, ఇంకా యాభై ఎనిమిది నిమిషాలుంది, ఆలోగా ఎంత దూరం నుంచైనా రావచ్చు, ఒక బస్సు తప్పితే ఇంకో బస్సులో రావచ్చు, అని అతను తనకి తనే చెప్పుకున్నాడు, చెప్పుకుంటూనే మోచేతి కింద ఉన్న ఫైలును ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. అట్ట మీద పసుపు బిళ్ళ, బిళ్ళ మీద నంబరు, నంబరు తన చేతిరాతే. గుండ్రంగా, ఎవరూ వేలు పెట్టటానికి వీల్లేకుండా ఉంటుంది తన రాత. పొద్దున్న ఏడున్నరకి ఇవాళ్టి ఫైళ్ళు తీస్తూ ఎందుకో దీన్ని తెరిచాడు. ఎందుకో ఏమిటి, బొత్తాల ఆవిడది కాబట్టి తెరిచాడు. లోపల చివరి కాయితం మీద డాక్టరమ్మ రాసింది, 'పదిహేను రోజులకి తప్పక చూడాలి, మందులు ఇంటివాళ్ళ చేతికే' అని, కింద రెండు గీతలు. డాక్టరమ్మ ఊరికే గీతలు గీసే మనిషి కాదు. ఆ కాయితం మీది తేదీకి ఇవాళ్టికి మూడు నెలలు. లోపలేమో రెండు గీతలు, బయటేమో పసుపు బిళ్ళ. పసుపంటే తేలిక జబ్బు. పసుపంటే మూడు నెలల మందు ఒక్కసారే చేతిలో పెట్టి పంపేయటం, డాక్టరు చూడక్కర్లేదు. ఆ రెండూ పక్కపక్కన చూసినప్పుడు కాళ్ళ కింద నేల జారటం అంటారే, అదేమీ జరగలేదు. నేల ఉన్నచోటే ఉంది. నోట్లో తడి మాత్రం ఆరిపోయింది, మూడు చెంబుల నీళ్ళు తాగినా ఇంకా తిరిగి రాలేదు.

కిటికీ అవతల వరస కదులుతోంది. మనసు జబ్బుల ఆసుపత్రి అనగానే గొలుసులూ కేకలూ ఉంటాయనుకుని కొత్తవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోతారు, తీరా లోపలికొస్తే ఓపీ హాలంతా బస్టాండులాగే ఉంటుంది, సంచులు, దగ్గులు, నీళ్ళ సీసాలు, చెప్పు తెగిందని సణుగుళ్ళు. వచ్చి చూపించుకుని మందులు పట్టుకుని ఇంటికి పోయేవాళ్ళే అందరూ. అదుగో ఆ బస్సు డ్రైవరు, వంతెన రాగానే గుండె ఆగిపోతుందని బండి పక్కకి తీసి దిగిపోయాడట, లోపల యాభైమంది. ఆ పక్కన కడుగుడు తాత, సబ్బు అరిగిపోతుంది గానీ ఆయన చేతుల మురికి వదలదు. ఆ వెనక, కడుపులో పుండుందని పదకొండు స్కానింగులు తీయించుకుని, ఏమీ లేదని తేలినందుకు బావురుమన్న పెద్దావిడ. గ్యాసు కట్టేశానా లేదా అని నాలుగు వీధులు వెనక్కి నడిచే లెక్కల టీచరు. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాడు, చూసీ చూసీ ఇప్పుడు ఫైలు తెరవకుండానే మనిషి ఏ అర మీదికి పోతాడో తెలిసిపోతుంది. భయమున్న మనిషి బల్ల అంచున కూర్చుంటాడు, లేచి పోవటానికి సిద్ధంగా. దిగులున్న మనిషి ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉంటాడు, గోడకి చేరేసిన చేటలాగా. చిన్నప్పుడు గేదె చెవి వేలాడే తీరు చూసి రేపిది మేత ముట్టదని తెలుసుకునేవాడు, ఇదీ అంతే, ఇందులో చదువేముంది. తెలుసుకునేవాడే గానీ ఎవరికీ చెప్పేవాడు కాదు. ఇప్పుడూ చెప్పడు. అసలు ఏదీ ఎవరికీ చెప్పడు. అందుకే ఇక్కడందరూ బీరువా అంటారు, వెనకా అంటారు, మొహం మీదా అంటారు, లోపల సమస్తం ఉంటుంది, తాళమే దొరకదు. ఈ సంగతి తెలిసి ఇంట్లో భార్య, 'మంచి పేరే పెట్టారు మీకు, పాతికేళ్ళుగా ఆ పేరు కోసమే నేను వెతుక్కుంటున్నాను' అంది.

బీరువా. ఆ రోజు నోరు తెరిచి ఒక్క మాటంటే సరిపోయేది. ఏమని? నాకు తెలీదమ్మా, లోపల అడుగు, అని. అంతే. అదొద్దు, దాని గురించి ఇప్పుడొద్దు, టైమెంత, పదకొండూ తొమ్మిది. గుమ్మంలో నీడ. కాదు, మందుల కంపెనీవాడు, సంచీతో.

ఈ ఏడు వేసవిలో వచ్చింది కొత్త పుస్తకం. జబ్బులకి పేర్లు మార్చారట, అంకెలు మార్చారట, ఎక్కడెక్కడి పెద్దవాళ్ళో కూర్చుని కొన్నేళ్ళు వాదించుకుని ఏది దేని కిందికొస్తుందో తేల్చారట. డాక్టరమ్మ అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది, 'ఇవి గోడలు కావు, నేల మీద గీసుకున్న గీతలు. కానీ గీత లేకపోతే ఎవరికి ఏం చెయ్యాలో మనకి తెలీదు' అని. ఆ మాట అతనికి నచ్చింది. భయమూ దిగులూ తోడికోడళ్ళు, పొయ్యి దగ్గర ఒకరు కనిపించారంటే పెరట్లో రెండోవారు గిన్నెలు తోముతూనే ఉంటారు, పుస్తకమేమో ఇల్లు ఎవరి పేరున ఉందో రాయమంటుంది. రాయాలి మరి. ఇద్దరు డాక్టర్లు, రోజుకి మూడొందల మంది. అందుకని ముందునుంచీ ఉన్న మూడు రంగుల్ని ఆఫీసువాళ్ళు కొత్త అంకెల్ని బట్టి మళ్ళీ పంచారు. ఎర్రకార్డుకి పదిహేను రోజులు, డాక్టరు చూసి తీరాలి, తోడు మనిషి రావాలి. నీలానికి నెల. పసుపుకి మూడు నెలలు, కిటికీలోంచి మందులు. పాత అంకెకి ఎదురుగా కొత్త అంకె టైపు కొట్టిన లిస్టొకటి అతని చేతిలో పెట్టారు. నాలుగు వేల ఫైళ్ళు. రికార్డు రూముకి కిటికీ లేదు, కాయితాలు ఎగురుతాయని ఫ్యాను లేదు, బనీను మీద కూర్చుని ఆరు వారాలు మార్చాడు, ఒక్కరోజు సెలవు పెట్టలేదు. దొర్లితే ఒక్క తప్పు దొర్లి ఉండొచ్చు. మధ్యాహ్నం అన్నం తిన్నాక కన్ను మూతపడి ఉండొచ్చు. నాలుగు వేలకి ఒకటి, బస్తా బియ్యంలో ఒక్క రాయి. ఒక్క రాయే. అది ఆవిడ పంటి కిందికే ఎందుకు రావాలి.

బొత్తాల ఆవిడ అనేది అతను మనసులో పెట్టుకున్న పేరు. చొక్కాల కంపెనీలో బొత్తాలు కుట్టే బల్ల మీద పని ఆవిడకి. రెండేళ్ళ కిందట మొదటిసారి మొగుడు భుజం పట్టి నడిపించుకొచ్చాడు, కూర్చోబెడితే కూర్చుంది, లేపితే లేచింది. ఏడాదిదాకా అంతే. ఒకరోజు మందుల చీటీ కిటికీలో పెట్టి, అతని మొహం కేసి కాదు, రొమ్ము కేసి చూస్తూ, 'బాబాయ్, మూడో బొత్తాం లేదు' అంది. ఈ ఆసుపత్రిలో తనంతట తను ఆవిడ ఆడిన మొదటి మాట అదే. పమిట అంచుకి గుచ్చుకున్న సూది తీసింది, ఊచల మధ్యనుంచి చేతులు పెట్టింది, అతను చొక్కా విప్పకుండానే కుట్టేసింది, దారం కొరకబోతే ఊచ అడ్డమొచ్చి నుదురు తగిలితే నవ్వింది. ఒకరి చొక్కాకి బొత్తాం లేదని కనిపించటం అంటే చిన్న సంగతా? అది లోపలికెళ్ళి డాక్టరమ్మకి చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ తర్వాత ఆవిడ రెండుసార్లు మళ్ళీ కూలింది, మళ్ళీ లేచింది. లేచినప్పుడల్లా ఊచల్లోంచి అతని బొత్తాలు లెక్కపెట్టేది.

మూడు నెలల కిందట అదే కిటికీలో ఎర్రకార్డు పెట్టింది. ఫైలు మీద పసుపు బిళ్ళ ఉంది. ఫైలు తెరిస్తే రెండు గీతలు కనిపించేవి, ఇంకా సిరా ఆరని గీతలు. తెరవలేదు. తెరవక్కర్లేకుండానే కదా బిళ్ళలు పెట్టింది. ఎర్రకార్డు తీసి డబ్బాలో వేసి, పసుపుది రాసిచ్చాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది. 'ఇదేంటి బాబాయ్, రంగు మారింది?' 'కొత్త పద్ధతి.' 'అంటే నాకు తగ్గినట్టా?' వెనక మొగుడున్నాడు, వాడి వెనక ఇరవైమంది ఉన్నారు, ఎవరో అప్పటికే త్వరగా కానివ్వండని అరుస్తున్నారు. అతను తల ఊపాడు. ఆ ఊపు అతనికి బాగా అలవాటైన ఊపు, అటూ కాదు ఇటూ కాదు, అవతలివాళ్ళకి ఏది కావాలంటే అది ఏరుకోవచ్చు, పెళ్ళిచూపుల దగ్గర్నుంచి పై ఆఫీసరుదాకా అదే ఊపుతో గట్టెక్కాడు. ఆవిడ ఏరుకుంది. 'నాకు తెలీకుండానే తగ్గిపోయిందన్నమాట' అని నవ్వింది. నవ్వింది గానీ, ఊచ తగిలిన రోజు నవ్వు కాదది. తెలుసు. ఆ క్షణానే తెలిసింది. గేదె చెవి లాగే తెలిసింది. మొగుడు కార్డు లాక్కుని కళ్ళకద్దుకున్నంత పని చేశాడు, అతను వెనకనున్న మనిషిని రమ్మన్నాడు.

'ఏంటి బీరువాగారూ, ఆ ఒక్క ఫైల్ని కోడిపెట్టలాగా పొదుగుతున్నారు పొద్దుటినుంచీ?' ఆయమ్మ, తడిగుడ్డ భుజాన వేసుకుని నిలబడింది. ఎప్పుడొచ్చిందో.

'ఏం లేదు.'

'ఏం లేదన్నవాళ్ళవే ఇక్కడ లావుపాటి ఫైళ్ళు' అని నవ్వుకుంటూ పోయింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి, 'మొహం కడుక్కోండి బాబూ, చూడలేకుండా ఉంది' అంది.

ఎనిమిదింటికి ఫైల్లో ఉన్న నంబరుకి ఫోను చేశాడు. మూడుసార్లు చేశాడు. ఈ నంబరు వాడుకలో లేదని ఒక ఆడపిల్ల గొంతు మూడుసార్లూ ఒకే మర్యాదతో చెప్పింది. పోదామా అనుకున్నాడు. మిల్లు వెనక వీధి, మూడో అంతస్తు, రెండు బస్సులు మారాలి. కిటికీ ఎవరు చూస్తారు? ఎవరో ఒకరు చూస్తారు, అడగాలి, అడిగితే ఎందుకంటారు. డాక్టరమ్మ గది ఇక్కడికి ఇరవై అడుగులు. ఆకుపచ్చ తెర కనిపిస్తూనే ఉంది, ఫ్యాను గాలికి లేస్తోంది, పడుతోంది. ఏడున్నర నుంచీ ఆ ఇరవై అడుగులు నడవలేదు. ఎందుకు నడవలేదంటే ఆవిడ వస్తుంది గనక. వస్తే, చప్పుడు కాకుండా పసుపు బిళ్ళ పీకి ఎర్రది అంటిస్తాడు, కార్డు మారుస్తాడు, ఇవాళ డాక్టరమ్మ చూస్తానందమ్మా అని తనే తీసుకెళ్ళి కూర్చోబెడతాడు. ఎవరికీ తెలీదు. ఇరవై రెండేళ్ళలో తన పేరు మీద ఒక్క మెమో లేదు, ఇకముందూ ఉండదు. ఆవిడ రావటమే కావాలి. తను నోరు విప్పాల్సిన అవసరం లేకుండా ఉండటానికి ఆవిడ బతికి ఉండాలి. ఆలోచన అక్కడిదాకా వచ్చి ఆగింది. దాన్ని చూశాడు, చెప్పులో కాలు పెట్టబోతూ తేలుని చూసినట్టు.

పదకొండూ ఇరవై ఆరు. కడుగుడు తాత మందులు తీసుకుని, పొట్లాన్ని రుమాలుతో పట్టుకుని వెళ్ళాడు. తర్వాతి కార్డు నీలం, ఆ తర్వాతిది పసుపు. చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. కాయితం మీద ఏది రాస్తే అదే నిజమవుతుందని అతనికి ఎనిమిదో క్లాసులో తెలిసింది. అన్న. ఆ చలికాలమంతా అన్న మంచం దిగలేదు, గోడ కేసి తిరిగి పడుకునేవాడు, పిలిస్తే చాలాసేపటికి ఆఁ అనేవాడు, బావిలోంచి పలికినట్టు. బద్ధకం అంది అమ్మ. పొగరు అన్నాడు నాన్న. గాలి సోకిందన్నాడు మేనమామ. పైత్యం అన్నాడు వైద్యుడు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో పుస్తకం. ఎవరి పుస్తకం ప్రకారం వాళ్ళు మందేశారు, అమ్మ తిట్టింది, నాన్న చెయ్యి చేసుకున్నాడు, మేనమామ తాయెత్తు కట్టాడు, వైద్యుడు విరేచనాలకిచ్చాడు. తమ్ముడి పుస్తకంలో ఏముంది? తమ్ముడికి ఆ ముందురోజు సాయంత్రమే తెలుసు, అన్న ఉన్నట్టుండి లేచి స్నానం చేసి, తన ఉతికిన చొక్కా తెచ్చి, ఇది నీకు సరిపోతుందేమో చూడరా అన్నప్పుడే ఏదో తెలిసింది. చొక్కా తొడుక్కుని చూసి తల ఊపాడు. తెల్లారేసరికి అన్న లేడు. మధ్యాహ్నం అరుగు మీద పోలీసాయన, ఊరి పెద్దాయన కూర్చున్నారు. ఏం రాద్దాం అన్నాడు పోలీసాయన. కడుపునొప్పని రాయించండి, ఇంటికి మర్యాదగా ఉంటుంది అన్నాడు పెద్దాయన. చేతిరాత బాగుంటుందని పెన్ను తన చేతికిచ్చారు. 'కడుపునొప్పి తాళలేక' అని రాశాడు, గుండ్రంగా, తప్పుల్లేకుండా, నాన్న వేలిముద్ర వేశాడు. అన్నకి ఏనాడూ కడుపునొప్పి లేదు. రాళ్ళు తిని హరాయించుకునేవాడు. కానీ అడిగినవాళ్ళకల్లా అమ్మ అదే చెప్పింది, చెప్పగా చెప్పగా పదేళ్ళకి తనే నమ్మింది, రాత్రుళ్ళు వాడి కడుపు మీద కాపడం పెట్టేదాన్నని కళ్ళొత్తుకునేది. అన్న పోవటమే కాదు, అన్న పడ్డ బాధ కూడా లేకుండా పోయింది.

ఈ ఆసుపత్రిలో చేరిన మొదటి నెల్లో ఒకనాడు అర సర్దుతుంటే ఒక ఫైలు జారి తెరుచుకుంది. పొద్దున్నపూట ఎక్కువ, ఆకలి లేదు, తన వల్ల అందరికీ బరువే అంటాడు, పిలిస్తే ఆలస్యంగా పలుకుతాడు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి. పక్కన ఒక అంకె. అంటే అన్నకీ ఒక అంకె ఉంది. రాక్‌ల మధ్య నేల మీద కూర్చుని ఏడ్చాడు ఆ రోజు, దుఃఖంతో కాదు, ఎక్కడో ఎవరో రాసిన పుస్తకంలో అన్నకి చోటుందని. ఇది బద్ధకం కాదు, పొగరు కాదు అని అచ్చులో ఉందని. ఆనాటినుంచి అతనికి అంకెలంటే భక్తి. ఆ ఉక్కలో బనీను మీద కూర్చుని నాలుగు వేల అంకెలు మార్చింది ఆ భక్తితోనే. మరి అదే చేత్తో...

'నా కార్డు నేను తీసుకున్నానాండీ?' లెక్కల టీచరు, మూడోసారి.

'తీసుకున్నారు.'

'సంచీలో పెట్టుకున్నానా?'

'పెట్టుకున్నారు.'

'మీరు చూశారుగా? మీరు చూశారంటే చాలు' అని ఆవిడ ప్రాణం కుదుటపడి వెళ్ళింది. తన మాట మీద అంత నమ్మకం. గుండె దడదడ కొట్టుకుంటోంది, అరచేతులు చల్లబడ్డాయి, ఇది మూడో రాకు, పై అర, బస్సు డ్రైవరు పక్కన. తనకీ చోటుంది. నవ్వొచ్చినట్టయింది, రాలేదు. పదకొండూ నలభై నాలుగు. వరసలో ఎనిమిదిమంది. ఎనిమిదో మనిషి ఆవిడ మొగుడు.

ఒక్కడే. వెనక వచ్చి చేరుతున్నది వేరేవాళ్ళు, ఆవిడ లేదు. అతను వాడి వెనక చూశాడు, గుమ్మం చూశాడు, గోడవార బల్ల చూశాడు. మధ్యలో ఏడుగురున్నారు. ఏడుగురికీ మందులు రాశాడు, ఎలా రాశాడో. వాడు కిటికీ దగ్గరికొచ్చి కార్డు పెట్టాడు. దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించాడు.

'బాగున్నారా అన్నా?'

'ఆవిడేది?'

అది తన గొంతేనా. తడిగుడ్డతో వంగి ఉన్న ఆయమ్మ కూడా నడుమెత్తి చూసింది.

'ఇంట్లో ఉందన్నా. పసుపేగా, మనిషి రానక్కర్లేదన్నారుగా. మందులు కూడా సగం మిగిలే ఉన్నాయనుకోండి, వేసుకోవటం మానేసింది. మేమూ బలవంతం చెయ్యలేదు. బాగయింది కదా.'

'బాగుందా?'

'బాగున్నట్టే.' వాడు కొంచెం దగ్గరికి వంగాడు, మగవాళ్ళు మగవాళ్ళతో మాట్లాడుకునే గొంతు పెట్టాడు. 'పనికి పోవట్లేదు, పది రోజులైంది. తిండి అంతంతమాత్రం. రెండేళ్ళు కూర్చోబెట్టి చూశాం కదన్నా, బద్ధకం మరిగింది. ఏడుపు మొదలెట్టిందంటే ఈ కార్డు తీసి చూపిస్తా. ఇదుగో, ఆసుపత్రివాళ్ళే రాసిచ్చారు నీకేం లేదని, ఇంకా ఎవరి కోసం ఏడుస్తావు అంటా. టక్కున ఆపేస్తుంది. మంచి మందన్నా ఇది, ఆ మాత్రలకంటే.'

'దగ్గరెవరున్నారు?'

'ఎవరూ లేరు. మా అమ్మ ఉండేది కాపలా, ఆవిణ్ణీ చెల్లెలింటికి పంపించేశాం. ఇంకెందుకు కాపలా? అదే అంది, అత్తయ్యని పంపించెయ్యండి, పాపం నా వల్ల ఆవిడకి కష్టమెందుకని. నిన్న ఇల్లంతా తనే సర్దింది. చుట్టుపక్కలవాళ్ళవి కుట్టాల్సిన బట్టలన్నీ కుట్టేసి ఎవరివి వాళ్ళకిచ్చేసింది. చాలా రోజుల తర్వాత హుషారుగా...'

కుర్చీ వెనక్కి పడిన చప్పుడు వినిపించింది, అప్పుడు తెలిసింది తను లేచాడని. కిటికీ తెరిచే ఉంది, సొరుగు తెరిచే ఉంది, 'ఏమయ్యా, పన్నెండు కాందే' అని ఎవరో అరుస్తున్నారు. పక్క తలుపులోంచి వచ్చి ఆ మొగుడి మణికట్టు పట్టుకున్నాడు. ఇరవై అడుగులు. ఉతికిన చొక్కా, సరిపోతుందేమో చూడరా. మూడో అడుగు, నాలుగో అడుగు. వీడి చెయ్యి వెచ్చగా ఉంది, వీడికింకా తెలీదు. బద్ధకం అంటున్నాడు, వీడి తప్పేముంది, రంగు చూసి అన్నాడు, రంగు ఇచ్చింది నేను. మెమో ఇస్తారు. ఇవ్వనీ. ఊడబీకుతారు. పీకనీ. తొమ్మిది, పది. మాట వస్తుందా? తాళం రాకపోతే? పగలగొట్టాలి. తెర మొహానికి తగిలింది. లోపల బస్సు డ్రైవరు కుర్చీలో ఉన్నాడు, డాక్టరమ్మ తలెత్తకుండానే, 'ఒక్క ఐదు నిమిషాలండీ' అంది.

'తప్పు రాశానమ్మా' అన్నాడు. రెండోసారి గట్టిగా అన్నాడు. 'ఎర్రదాన్ని పసుపు చేశాను. మూడు నెలలైంది ఆవిడ మిమ్మల్ని చూసి. తగ్గిందా అనడిగితే తల ఊపాను. ఇంట్లో ఒక్కతే ఉంది. నిన్న ఇల్లు సర్దిందట. అందరి బట్టలూ ఇచ్చేసిందట.'

డాక్టరమ్మ ఏమీ తిట్టలేదు. ఫైలు తెరిచి తను గీసిన రెండు గీతలు చూసింది, పెన్ను మూత పెట్టింది, మొగుడి కేసి తిరిగి, 'మీ ఇంటి దగ్గర ఎవరి ఫోను ఉంది?' అంది. కింద ఇస్త్రీ అతనిది ఉంది. వాడు నంబరు చెబుతూ రెండుసార్లు తడబడ్డాడు. ఫోను బల్ల మీద పెట్టి అందరికీ వినిపించేలా చేసింది. 'పైకెళ్ళి ఆ ఇంటి తలుపు కొట్టండి. తీసేదాకా కొట్టండి. ఫోను పెట్టేయొద్దు.' చెప్పుల చప్పుడు. మెట్లు. ఇస్త్రీ అతను లావుపాటి మనిషి కాబోలు, ఒక్కో మలుపు దగ్గరా ఊపిరి బరువవుతోంది. ఒకటో అంతస్తు. ఎక్కడో కుక్కర్ కూత. 'ఏమైందమ్మా, పసుపేగా, పసుపేగా' అంటున్నాడు మొగుడు. రెండో అంతస్తు. బస్సు డ్రైవరు తన గుండె మీద తనే చెయ్యేసుకుని నేల కేసి చూస్తున్నాడు. మూడో అంతస్తు. తలుపు మీద మూడు దెబ్బలు. ఏమీ లేదు. మళ్ళీ. ఏమీ లేదు. 'అమ్మాయ్! ఓ అమ్మాయ్!' మళ్ళీ. అతనికి ఆ తలుపు కనిపించింది, ఎప్పుడూ చూడని తలుపు, దాని పగులు, దాని గడియ. గడియ లాగిన చప్పుడు.

'తీసిందమ్మా. ఇక్కడే నిలబడింది. ఎందుకని అడుగుతోంది.'

'ఫోను ఆవిడకివ్వండి. మీరు కదలకండి అక్కణ్ణుంచి.' డాక్టరమ్మ ఫోను మీదికి వంగింది. 'అమ్మా, నేను డాక్టర్ని. మీకు తగ్గలేదమ్మా. కార్డు తప్పు. తప్పు మాది. మీకు తగ్గలేదు.'

 ఆ చిన్న ఫోనులోంచి ఏడుపు వచ్చింది, ఏళ్ళ తరబడి బిగించిన మూట తెగినట్టు, దాని మధ్యలోంచి, 'నేను చెప్తూనే ఉన్నానమ్మా, ఎవరూ నమ్మలేదు, నేనూ నమ్మలేదు' అని. మొగుడు గోడ పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. చేతిలో ఆ కార్డు ఇంకా ఉంది. డాక్టరమ్మ నర్సమ్మని పిలిచి, వాణ్ణి లేపి, ఆసుపత్రి బండిలో ఇద్దర్నీ పంపింది, వాళ్ళు చేరేదాకా ఇస్త్రీ అతన్ని గుమ్మంలోనే కూర్చోమంది. తప్పు మాది అంది. నీది అనలేదు. ఆ మాట పట్టుకుని అతను నిలబడ్డాడు, బతికి ఉంది, బతికి ఉంది, బస్తాలో ఒక్క రాయి, దాన్ని ఏరేశారు.

'ఆ లిస్టు తీసుకురండి' అంది డాక్టరమ్మ.

తెచ్చాడు. అలవాటుకొద్దీ చెక్క స్కేలు కూడా తెచ్చాడు. డాక్టరమ్మ ఫైల్లోని పాత అంకెని లిస్టులో వెతికి, 'ఎలా చూసేవారో చూపించండి' అంది. స్కేలు అంకె కింద పెట్టాడు, ఎప్పుడూ పెట్టినట్టే. ఆ జబ్బు పేరు పొడుగు, రెండు వరసల్లో పడింది, కొత్త అంకె రెండో వరసకి ఎదురుగా కొట్టారు. స్కేలు వెడల్పు సరిగ్గా ఒక వరస. ఆ కొత్త అంకె స్కేలు కిందపడి మూసుకుపోయింది. పైన కనిపిస్తున్నది అంతకు ముందు జబ్బుది, తేలిక జబ్బుది. డాక్టరమ్మ స్కేలు ఎత్తింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎత్తింది. నిద్ర కాదు, అన్నం కాదు, ఒక్క రాయీ కాదు. ఆ అంకె వచ్చిన ప్రతిసారీ ఇదే స్కేలు, ఇదే చెయ్యి.

'ఈ అంకె మీద ఎంతమంది?'

లెక్కపెట్టక్కర్లేదు. రెండో రాకు, కింది అర మొత్తం. 'నూట ముప్పై పైన' అన్నాడు.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. 'ఈ మధ్య వరస తగ్గిందనుకున్నాను' అంది, తనలో తను అన్నట్టు. 'ఊపిరి పీల్చుకోవటానికి వీలైందనుకున్నాను.' తర్వాత గొంతు మామూలుగా పెట్టుకుని, 'వీళ్ళలో మూడు నెలల తేదీ దాటిపోయి కూడా రానివాళ్ళు?' అని అడిగింది.

రానివాళ్ళ ఫైళ్ళు విడిగా కట్ట కట్టి రాకు మీద పెట్టటం పద్ధతి. పసుపువాళ్ళు రాకపోతే తగ్గిపోయి ఉంటుందిలే అని కట్టేవాడు, ఒక రకమైన సంతోషంతోనే కట్టేవాడు. నిచ్చెన ఎక్కి దించాడు. దుమ్ము ఇంకా పట్టలేదు. పందొమ్మిది. తెల్ల నాడా, రెండు ముడులు, తనే వేసిన ముడులు, గోళ్ళకి అందటం లేదు, పంటితో లాగాడు. డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని ఫోను చేతిలోకి తీసుకుంది. బయట వరసలో ఉన్నవాళ్ళు అరవటం మానేశారు, పన్నెండు దాటినట్టుంది, ఆయమ్మ ఎవరికో నీళ్ళిస్తోంది. 'చదవండి' అంది డాక్టరమ్మ. అతను మొదటి అట్ట తిప్పి నంబరు పైకి చదివాడు, ఒక్కో అంకె, తప్పు పోకుండా వేలు పెట్టి. అవతల గంట మోగింది. నాలుగోసారి ఎవరో ఎత్తారు, మగగొంతు, ముసలిది. డాక్టరమ్మ ఆసుపత్రి పేరు చెప్పి, మీ అబ్బాయితో ఒకసారి మాట్లాడాలండీ అంది. అవతల మనిషి ఊపిరి వినిపిస్తోంది గానీ, మాట రావటం లేదు.